ఇంటికో మనిషి

సమితి ఆఫీసు నుంచి వచ్చిన ఉత్తరాన్ని పంతులమ్మ ఏసుమణి మూడుసార్లు చదివింది. మూడుసార్లు చదివినా అందులో ఉన్నది రెండే ముక్కలు. వచ్చే గురువారం బళ్లు తనిఖీ చేసే ఈ.ఓ. పద్మనాభయ్యగారు వెలగలపాళెం బడిని చూడటానికి వస్తారు. ఆ రోజు ఇరవై అయిదుగురు పిల్లలకు ఒక్కరు తగ్గినా బడిని ఇక్కణ్ణుంచి ఎత్తి కండ్రిగలో పెడతారు.

బడి అంటే ఎంతో ఉందనుకునేరు. సముద్రపు ఒడ్డున, ఇసుక దిబ్బ మీద ఒక తాటాకు కొట్టం, ఒక నల్లబల్ల, ఒక కుర్చీ. రెండేళ్ల కిందట పంచాయతీ సమితులు వచ్చినప్పుడు జిల్లా బోర్డు బడి కాస్తా సమితి బడి అయింది. బయటి పలక మీద పేరు మారింది గాని, కొట్టంలో కారే చోటు కారుతూనే ఉంది. హాజరు పట్టీలో ముప్పై నాలుగు పేర్లు ఉన్నాయి. వచ్చేది ఏడుగురు, మహా అయితే ఎనిమిది మంది.

కండ్రిగ వరి పండించే ఊరు. ఉప్పుకాలవ దాటి మూడు మైళ్లు పడమరగా పోవాలి. ఆ ఊరి సర్పంచు జయరామయ్య ఏడాదిగా సమితి ఆఫీసు గడప అరగదీస్తున్నాడు. "మా ఊళ్లో పెంకుటిల్లు కట్టి పెట్టినాం, నలబై మంది పిలకాయలుండారు, పంతులే లేడు. ఆ పాళెంలో పంతులమ్మ ఉండాది, పిలకాయలు లేరు. ఇదేం న్యాయం సార్?" అనేది ఆయన పాట. విన్నవాళ్లకు న్యాయమే అనిపిస్తుంది. నిజం చెప్పాలంటే ఏసుమణికీ ఒక్కోసారి అలాగే అనిపించేది. పెంకుటింట్లో నలభై మందికి పాఠం చెప్పుకునే భాగ్యం వదులుకుని తాను ఎందుకు కొట్టుకుంటున్నట్టో ఆమెకే సరిగా తెలియదు.

ఒకటి మాత్రం తెలుసు. బడి పోయిందంటే పాళెం పిల్లలకు ఇక చదువు లేదు. పోటు వేళ ఉప్పుకాలవ పెద్దవాళ్లకే రొమ్ముల దాకా వస్తుంది. దాటిపోయినా కండ్రిగవాళ్లు చేపల వాసనని వాళ్లను వసారాలో కూర్చోబెడతారు. మాలకొండమ్మ లాంటి పిల్ల వసారాలో కూర్చుని ఏం చదువుతుంది? పదేళ్ల ఆ పిల్ల మూడో తరగతి పుస్తకం అట్ట నుంచి అట్టకు చదివేసి, నెల్లాళ్లుగా బడికి రావడం లేదు. తండ్రి పోయిన ఇల్లు. తల్లి కామమ్మ ఎండుచేపల గంప ఎత్తుకుంటే, పిల్ల వలతాడు దగ్గరికి పోతుంది.

ఆ తాడే ఏసుమణికి అసలు శత్రువు. పాళెంలో పెద్ద అలివి వల ఒకటుంది. దాన్ని పడవలో తీసుకుపోయి సముద్రంలో అర్ధచంద్రంగా దింపి, రెండు కొనల తాళ్లూ ఒడ్డు నుంచి లాగుతారు. మగవాళ్లు లాగుతుంటే పిల్లలు వెనక నిలబడి, వచ్చిన తాడును వచ్చినట్టు పట్టుకుని చుట్ట చుట్టాలి. అందుకు పిల్లకు అరవాటా చేప. పలక పట్టుకుంటే ఏమొస్తుందంటే చెప్పడానికి ఏసుమణి దగ్గర చేపంత గట్టి జవాబు లేదు.

ఆమె చేయని ప్రయత్నం లేదు పాపం. వచ్చే ఏడుగురినీ వెంటేసుకుని కాగితపు జెండాలతో పాళెమంతా ఊరేగింది. "బడికి రండి, బతుకు దిద్దుకోండి" అని పిల్లలు అరుస్తుంటే ఇళ్లలోంచి జనం తొంగి చూసి, ఎవరిదో పెళ్లనుకుని తలుపులు వేసుకున్నారు. సమితి ఇచ్చిన పాలపొడి కలిపి పోస్తానంటే ముప్పైమంది లోటాలతో వచ్చి, తాగి, మూతి తుడుచుకుని తాడు దగ్గరికి పోయారు. ఇంటింటికీ తిరిగి, చదివితే గుమాస్తా ఉద్యోగం వస్తుందని చెప్పింది. కామమ్మ గంప దించి నిదానంగా విని, "గుమస్తా అయితే నెల్లూర్లో ఉంటాడు గదా టీచరమ్మా. మరి ఇక్కడ సంద్రంలోకి ఎవురు పోవాల?" అంది. వెటకారం కాదు, నిజంగానే అడిగింది.

ఇక ఉత్తరం వచ్చాక దారి లేక పెద్దకాపు దగ్గరికి పోయింది.

పెద్దకాపు అంటే పాళెం పెద్ద. గంగులయ్య ఆయన పేరు. సర్కారు చట్టాలు పాళెం పొలిమేర దాకా వచ్చి ఆగిపోతాయి, లోపల నడిచేది దురాయి. పెద్దకాపు ఒక మాట అనుకుంటే తలారి ముత్యాలయ్య సాయంత్రం వీధి వీధికీ దాన్ని కేకవేస్తాడు. కేక పడ్డాక ఆ మాట దాటినవాడికి తప్పు వేసి డబ్బు కట్టిస్తారు, వాడి ఇంటికి నిప్పూ నీళ్లూ ఇవ్వరు. అందుకే గంగులయ్య దురాయి ఊరికే వేయడు.

గంగులయ్య ఇంటి ముందు కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. అంతా విన్నాడు. కాలి బొటనవేలికి తగిలించుకున్న దారం తీయకుండానే అడిగాడు.

"పిలకాయల పనికి నేను మాటెయ్యడం ఏందమ్మా? నవ్వుతారు. దురాయి ఊరి పనికి ఏస్తాం."

"ఇదీ ఊరి పనే పెదకాపూ" అంది ఏసుమణి. ఆ మాట ఎక్కడి నుంచి ఊడిపడిందో ఆమెకే తెలియదు. అది వచ్చాక మాత్రం దాన్ని వదల్లేదు. "బడి నాది కాదు, సమితిదీ కాదు. ఊరిది. పడవలు ఊరివైనట్టు, కాలవ ఊరిదైనట్టు. దాన్ని నిలబెట్టుకోవడం ఊరి పని కాదా?"

గంగులయ్య దారం తీసి పక్కన పెట్టాడు. "ఊరి పనేనా?"

"ఊరి పనే."

"మల్లా మాట మార్చకూడదు."

"మార్చను పెదకాపూ."

ఏడాదిగా ఊరేగింపులూ పాలపొడీ చేయలేని పని ఒక్క మాట చేసేసిందని ఆమె దారి పొడుగునా మురిసిపోయింది. ముందే ఎందుకు తట్టలేదా అని తనను తానే తిట్టుకుంది కూడా. సాయంత్రం ముత్యాలయ్య కేక వీధిలో వినబడింది. "గురువారం పొద్దున ఇంటికో మనిషి బడికాడికి రావాల. రానోళ్లకి తప్పు. పెదకాపు మాట." పాళెంలో నలభై ఒక్క ఇళ్లు. ఇరవై అయిదు చాలనుకుంటే నలభై ఒకటి. ఏసుమణి దేవుడికి దండం పెట్టుకుంది.

గురువారం పొద్దున్నే లేచి కొట్టం అలికింది, ముగ్గుపిండితో గీతలు వేసింది, పిల్లలు గీసిన పడవ బొమ్మలు తాటాకుకు గుచ్చింది. తొమ్మిదయింది. అందరికంటే ముందు వచ్చింది గంగులయ్య తమ్ముడు ఆదెయ్య. ఆరడుగుల మనిషి. తలకు నూనె రాసి దువ్వి, పెళ్లిళ్లకు తొడిగే తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. వచ్చి మొదటి వరసలో, ఒకటో తరగతి పిల్లలు కూర్చునే చోట మఠం వేసుకుని కూర్చున్నాడు. తమాషా చూడటానికి వచ్చాడు కాబోలనుకుని ఏసుమణి నవ్వింది. ఆ వెనక ఇంకో ఇద్దరు. ఆ వెనక కర్ర ఊతంగా నడుచుకుంటూ ఒక తాత. ఉతికిన కోక కట్టుకుని, తడి జుట్టు ముడేసుకుని కామమ్మ. పది గంటలకు కొట్టం నిండిపోయింది. తలుపు దగ్గర కూడా చోటు లేదు. అందరూ పెద్దవాళ్లే. మందుకు వేద్దామన్నా ఒక్క పిల్ల లేదు.

రోజూ వచ్చే ఆ ఏడుగురు కూడా లేరు.

ఏసుమణి గుమ్మం బయటికి తొంగి చూసింది. "పిల్లలేరీ?" అంది, ఎవరిని అడుగుతున్నదో తెలియకుండానే.

"వలకాడుండారు" అన్నాడు ఆదెయ్య. "మేమందరం ఈడ కూసుంటే తాడు ఎవురు పట్టాల? ఈ పొద్దు వల పిలకాయలకే ఇడిసిపెట్టినాం. అజమాయిషీకి నలుగురు ముసలోళ్లుండార్లే, దిగులు పడబాక."

"పిల్లల్ని కదా రమ్మంది."

ఆదెయ్య ముఖం చిన్నబోయింది. "ఊరి పనికి పిలకాయల్ని ఎట్టా పంపుతాం టీచరమ్మా?"

అప్పుడు తట్టింది ఆమెకు. మూడేళ్లుగా కళ్లారా చూస్తున్నదే. తుపాను ముందు పడవలు పైకి లాగాలన్నా, పూడిన కాలవ మొగ తవ్వాలన్నా ఇంటికో మనిషి. మనిషి అంటే ఎదిగిన మనిషి. కిందటేడు కాలవ తవ్వేప్పుడు ఒకడు జ్వరమని కొడుకును పంపితే, ఊరి పనిని ఎగతాళి చేశాడని తప్పు వేశారు. ఆ పంచాయితీ అంతా ఆమె కొట్టం ముందే జరిగింది. అన్నీ చూసింది గాని తన మాటకూ దానికీ ముడి ఉంటుందని అనుకోలేదు. ఇంత మర్యాదగా తన కొంప మునుగుతుందని ఎవరు మాత్రం అనుకుంటారు?

ఇంతలో ఈ.ఓ. పద్మనాభయ్య రానే వచ్చాడు, సన్నటి మనిషి, మందపు కళ్లద్దాలు. కాలవ దాటడంలో పంచె మోకాళ్ల దాకా తడిసింది. వెనకనే చెప్పులు చేత పట్టుకుని జయరామయ్య. గడపలో ఆగి, లోపలికి చూసి, ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు.

"ఏమ్మా, ఏమిటిది?" అన్నాడు.

ఏసుమణి కుర్చీ ముందుకు జరిపింది. వెనక నుంచి గంగులయ్య లేచి నిలబడ్డాడు. "ఊరంతా వచ్చినాం దొరా. నలబై ఒక్క ఇల్లు, నలబై ఒక్క మనిషి. ఒక్క ఇల్లు తప్పలేదు. లెక్క ఏసుకోండి. బడి మాది."

జయరామయ్య పై కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు. "చూసినారు గదా సార్. బడిలో మీసాలోళ్లుండారు, పిలకాయలు సంద్రంకాడుండారు. ఇంకేం చూస్తారు, పోదాం పదండి. పోటొస్తే కాలవ దాటలేం."

పద్మనాభయ్య కదల్లేదు. కుర్చీలో కూర్చుని హాజరు పట్టీ తెరిచాడు, మూశాడు, సంచిలోంచి సమితి కాగితం తీసి వెనకా ముందూ చూశాడు. చెడ్డవాడు కాడాయన, కాగితానికి కట్టుబడినవాడు. కామమ్మ వైపు తిరిగి, "నువ్వెందుకొచ్చినావమ్మా?" అని అడిగాడు.

"మా ఇంట్లో మగదిక్కు లేదయ్యా. ఇంటికో మనిషంటే నేనే గదా" అంది కామమ్మ.

"అది సరే. నిన్ను నేను ఎక్కడ రాయాలి?"

కామమ్మ ఆయన్నీ, కాగితాన్నీ మార్చి మార్చి చూసింది. ఆయనా కామమ్మను అలాగే చూశాడు.

చివరికి ఆయన గడియారం చూసుకుని, ఏసుమణితో నెమ్మదిగా అన్నాడు. "పొద్దుటి హాజరు సున్నా అమ్మా. అంతకంటే నేను రాయలేను. మధ్యాహ్నం రెండింటికి మళ్లీ హాజరు తీస్తారు గదా. అందాకా కూర్చుంటా. ఆ తర్వాత నా చేతుల్లో లేదు."

ఏసుమణి గంగులయ్య ముందుకు పోయి నిలబడింది. నలభై మంది చూస్తున్నారు.

"పెదకాపూ, తప్పు నాది. నేను చెప్పడం తప్పు."

"ఊరి పనన్నావే."

"అన్నాను. ఇప్పుడూ అంటాను. కాని మీరొచ్చి కూర్చోవడం కాదు ఆ పని. పిల్లల్ని తాడు దగ్గర్నుంచి వదలడం."

గంగులయ్యకు అర్థం కాలేదు. అర్థం కానట్టు నటించడం కాదు, నిజంగానే కాలేదు. "పట్టే పని తెలుసమ్మా మాకు. లాగే పని తెలుసు, మోసే పని తెలుసు. వదలడం గూడా ఒక పనేనా? తాడు వదిలినోడికి మా పాళెంలో పిల్లనియ్యరే."

"పనే పెదకాపూ. మీరు పోయి ఆ తాడు పట్టుకుంటేనే వాళ్లు వదలగలరు. రెండింటి లోపల."

"మాట మార్చనన్నావు."

"మార్చడం లేదు. సరిగా చెప్పడం ఇప్పటికి చేతనయింది."

దురాయి నడుస్తుండగానే దాన్ని మార్చడం ఆ పాళెంలో ఎప్పుడూ జరగలేదు. గంగులయ్య గడ్డం గోక్కుంటూ కొట్టం పైకప్పు వైపు, జయరామయ్య వైపు చూశాడు. జయరామయ్య నవ్వుతున్నాడు. బహుశా ఆ నవ్వే పని చేసిందేమో. "ముత్యాలయ్యా" అన్నాడు పెద్దకాపు, "కేకెయ్యి. పెద్దోళ్లు తాడుకాడికి, పిలకాయలు బడికాడికి."

జనం ఒక్కసారిగా లేచారు. వల సగం ఒడ్డుకొచ్చి ఉంది. అలాంటప్పుడు తాడు ఒక్క క్షణం వదిలినా వల పోతుంది. పెద్దవాడు పోయి వెనక నుంచి పట్టు బిగించాకే పిల్లవాడు చేతులు తీయాలి. అలా ఒక్కొక్కరే విడివడి, మోకాళ్ల దాకా ఇసుకతో, నీళ్లు కారుతున్న లాగులతో పరుగెత్తుకొచ్చారు. చివరివాడు వచ్చేసరికి రెండు కావచ్చింది, తుడవడానికి కూడా వ్యవధి లేదు. సరిగ్గా రెండింటికి పద్మనాభయ్య తానే పేర్లు పిలిచాడు. ఇరవై తొమ్మిది. నడిమి వరసలోంచి మాలకొండమ్మను లేపి పుస్తకం ఇస్తే, పిల్ల తడిచేతులతో పట్టుకుని రెండు పుటలు ఆగకుండా చదివింది. ఇక చాలు అన్నా ఆగలేదు. నెల రోజుల ఆకలి మరి.

పద్మనాభయ్య అంకె వేసి సంతకం పెట్టాడు. "బడి ఇక్కడే ఉంటుందమ్మా, వచ్చే తనిఖీ దాకా" అన్నాడు. "ఒక్క జల్లుకే చెరువు నిండుద్దా" అని గొణుక్కుంటూ జయరామయ్య కాలవ దారి పట్టాడు.

ఏసుమణికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. గెలిచింది. గెలిచానని ఆమె ఇంకా గట్టిగా అనుకోనైనా లేదు, గంగులయ్య గడప దగ్గరికి వచ్చి, "అయిపోయింది గదమ్మా. పిలకాయల్ని పంపించు. వల దులిపి చేపలేరాల" అన్నాడు.

"పంపిస్తా పెదకాపూ. రేపు పొద్దున తొమ్మిదింటికల్లా పంపండి."

"రేపా? రేపు గూడా వస్తాడా ఆయన?"

"ఆయన రాడు. పిల్లలు రావాలి. రోజూ."

"రోజూనా?" గంగులయ్య వెనక్కి తిరిగి, అప్పుడే ఒడ్డు నుంచి వస్తున్నవాళ్లను చూసి, మళ్లీ ఆమె వైపు తిరిగాడు. "ఎన్నాళ్లు?"

"అయిదో తరగతి దాకా. అయిదేళ్లు."

పెద్దకాపు ఇసుకలో చతికిలబడ్డాడు. చుట్టూ జనం మూగారు. కాలవ తవ్వితే మూడు రోజులు, తుపానుకు పడవలు లాగితే ఒక పూట. అయిదేళ్లు పట్టే ఊరి పని వాళ్లెప్పుడూ వినలేదు. తాడు ఎవరు చుట్టాలని ఒకడు, చుట్టని పిల్లకు వాటా ఇస్తారా అని ఇంకొకడు, ఇస్తే చుట్టిన పిల్ల ఊరుకుంటుందా అని మరొకడు. అందరూ ఒక్కసారే మాట్లాడారు. ఎవరి మాటా తప్పు కాదు. అదే ఏసుమణిని మరీ అయోమయంలో పడేసింది. ఎవరైనా తప్పు మాట్లాడితే దిద్దడం ఆమెకు వచ్చు. అందరూ నిజం చెబుతుంటే ఏం దిద్దుతుంది?

"నేను ఎయ్యలేనమ్మా ఈ దురాయి" అన్నాడు గంగులయ్య చివరికి. "అయిదేండ్ల మాట మా తాతలు గూడా ఎయ్యలేదు. ఎవురిష్టం వాళ్లది."

జనం చెదరబోతుంటే కామమ్మ ముందుకు వచ్చింది. "పెదకాపూ, నా బిడ్డ తాడు నేను చుడతా. అరవాటా నాకియ్యి."

ఆ పాళెంలో ఆడమనిషి వలతాడు ముట్టదు. ఇంకా పెద్దమనిషి కాని ఆడపిల్లల వరకే చెల్లుబాటు. గంగులయ్యకు కోపం వచ్చింది. "యాడన్నా ఉండాదా? ఆడమనిషి తాడు పట్టేదేంది?"

"పొద్దున ఇంటికో మనిషని కేకేయించినావు. మా ఇంటి మనిషి నేనని పోయి కూసున్నా. అప్పుడు ఆడదానివి, లేచి పో అనలేదే. బడికాడ మనిషినై, తాడుకాడ గాకుండా పోతానా?" కామమ్మ గొంతు పెంచలేదు. అడగాల్సింది అడిగి, గంప ఎత్తుకుని పోయింది.

గంగులయ్య అవుననలేదు, కాదనలేదు. కొట్టం పలక మీది సమితి పేరును చాలాసేపు చూశాడు. ఆయనకు చదువు రాదు.

మరునాడు తొమ్మిదింటికి ఏసుమణి కొట్టం తలుపు తీసి ముందు ఒడ్డు వైపు చూసింది. వల పడి ఉంది. ఎడమ తాడు కొసన, మగవాళ్లకు నాలుగు బారల ఎడంగా, కొంగు నడుముకు బిగించి కామమ్మ తాడు చుడుతోంది. రెండో తాడు దగ్గర ఇంకో ఇద్దరు ఆడవాళ్లు. ఎవరూ వాళ్లతో మాట్లాడటం లేదు. ఎవరూ వాళ్లను పొమ్మనడమూ లేదు. ఆ ముగ్గురినీ చూడగానే, లోపలికి పోకముందే ఆమెకు లెక్క తెలిసింది. పాత ఏడుగురికి ముగ్గురు కలిసి పది. నిన్న ఇరవై తొమ్మిది.

హాజరు పట్టీ తీసుకుని గుమ్మంలోనే నిలబడి పిలవడం మొదలుపెట్టింది. మాలకొండమ్మ పలికింది. ఆ తర్వాతి పేరు మాల్యాద్రి. లోపల జవాబు లేదు. ఆమె ఊరుకోకుండా ఒడ్డు వైపు తిరిగి ఇంకోసారి, గొంతెత్తి పిలిచింది.

"ఉండా టీచరమ్మా" అని సన్నటి గొంతు సముద్రపు గాలిలో వచ్చింది. కుడి తాడు వెనక, రెండు చేతులా తడితాడు పట్టుకుని ఒక పిల్లవాడు ఇటే చూస్తున్నాడు. చెయ్యి ఎత్తడానికి లేదు వాడికి, తల మాత్రం ఊపాడు.

ఏసుమణి కలం పేరు పక్కన ఆనింది. వచ్చినట్టు వేయాలో, రానట్టు వేయాలో ఆమెకు తోచలేదు. ఆ గడి అలాగే వదిలి, తర్వాతి పేరు ఇంకా గట్టిగా పిలిచింది.